నువ్వేసిన ముడి

నాయనా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. పొద్దున బండికి ధర్మవరం నుంచి పెనుకొండకు పోయినా, నా బాల్సా చెక్క విమానాన్ని ఎగరేద్దామని. రబ్బరు మెలిపెట్టి వదిలితే ఎగిరేది, గుర్తుండాది కదా. అది చేసిన పొద్దు, రెక్క నడిమి కర్రకు నిలవడంలేదని నేను విసుక్కుంటాంటే, నువ్వే మగ్గం గుంతలోనుంచి లేచొచ్చి పట్టుపోగుతో ముడేసినావు.

"ఏమప్పా, మగ్గాలు తగలబెట్టాలంటివే. ఆ పోగు లేకుంటే నీ విమానం లేయదే" అని నవ్వినావు.

నాకు రోషమొచ్చింది. సభలో పంచిన కరపత్రం చేతిలో ఆడిస్తా, నీది షావుకార్ల కింద బానిస బతుకని మొగం మీదే అరిచినా. నువ్వు పోయి మళ్లా మగ్గం గుంతలోకి దిగినావు.

ఈ రోజు అది బాగానే లేచింది. ఇంతలో గాలి మళ్లి, నేరుగా గుట్ట బండ మీదికి పోయింది. చేతులు చాపుకొని చూస్తా నిలబడినా. ఎవుర్ని తిట్టాలో తెలీలేదు. రెక్క రెండు ముక్కలైంది. నీ ముడి మాత్రం వదల్లేదు.

ఇంటికొచ్చి కొత్త రెక్క కోసినా. దాన్ని కట్టాలంటే పాత ముడి తెంచాల. అట్లాంటి ముడి ఎట్లేస్తారో నేను ఏనాడూ నిన్ను అడగలేదు. బ్లేడు పట్టుకొని ఇంకా కూచోనే ఉండా.