తొలిపూల వాటా

12 జనవరి 1938, కొంటా

ఇది నా కొలతల పుస్తకం. సగం దాకా జనాల చొక్కాల కొలతలు ఉన్నాయి. మిగతా సగం ఖాళీ. కొత్త కొలతలు తీసుకోవడానికి చేయి రావడం లేదు కాబట్టి ఇదే రాస్తున్నాను.

భద్రమ్మ పోయి ఇవాళ్టికి ముప్పై మూడు రోజులు. నాలుగు నెలల పిల్ల. మూడు రోజుల జ్వరం. డిస్పెన్సరీ వాళ్లిచ్చిన మిక్చర్ ఇంకా రెండు డోసులు మిగిలింది. సీసా గూట్లోనే ఉంది. తీసి పారేయమని ఉప్పలమ్మతో అనలేను. నేనూ పారేయలేను.

15 జనవరి

పాలు తాగే పిల్ల పోతే ఇప్పచెట్టు కిందే పూడ్చిపెట్టాలని ఆ రోజు పక్కింటి ఇర్మె చెప్పింది. వాళ్లు దొర్లవాళ్లు, వాళ్లలో అది ఆచారం. చెట్టుకు పాలుంటయి, పిల్ల ఆకలికి ఏడ్వదు అన్నది. అలాగే చేశాం. దర్జీపని చేసుకునే మా మేరోళ్లు వింటే ఏమంటారో. ఆ పూట నాకు కులమూ గుర్తు లేదు, నేనూ గుర్తు లేను.

ఊరి చివర, సుక్మా రోడ్డు పక్కన ఉంది ఆ చెట్టు. ఉప్పలమ్మ రోజూ పొద్దున, సాయంత్రం పోయి తన పాలు పిండి చెట్టు మొదట్లో పోసి వస్తుంది. నేను ఒక్కసారి కూడా పోలేదు.

18 జనవరి

మిషన్ తొక్కలేకపోతున్నాను. ఆ చప్పుడుకే పిల్ల నిద్రపోయేది.

24 జనవరి

ముసలయ్య దగ్గరికి వెళ్లాను. భద్రాచలం నుంచి జగదల్‌పూర్‌కు ఉప్పు బళ్లు తోలుతాడు. పన్నెండు బళ్ల బిడారు, ముప్పై ఏళ్ల అనుభవం. నేనూ మిషన్ ఎత్తుకుని వస్తాను, దారి పొడుగునా సంతల్లో కుట్టుకుంటూ బతుకుతాను, ఎలా ఉంటుంది అని అడిగాను.

ముసలాయన చుట్ట ఆరిపోయేదాకా చెప్పాడు. మిషన్‌ను ఉప్పు బండిలో పెట్టకు, ఉప్పు ఇనుమును తింటది, గడ్డి బండిలో పెట్టు అన్నాడు. తెల్లదారం, నల్లదారం చాలు, రంగులు నీ సోకుకే గాని ఎవడూ అడగడు అన్నాడు. బజార్ల మా ఉప్పు పక్కన్నే కూసో, ఉప్పు కొననోడు ఉండడు గద అన్నాడు. ఏ రోజు బట్ట ఆ రోజే కుట్టి ఇవ్వాలట, మర్నాడు ఊరు మారుతుంది. ఇంకోటి, కాడి ఎత్తినంక బిడారు ఆగదు, దిగినోడు నడిచి అందుకోవాల్సిందే అన్నాడు. తిరిగి కొంటా వచ్చేది మృగశిర కార్తెకే. వానలకు ముందు.

ఇంటిది ఏమన్నది అని చివర్లో అడిగాడు. సరేనంది అన్నాను. ఆమెతో ఒక్క ముక్క కూడా అనలేదు ఇంకా.

30 జనవరి

సలహాలకు కరువా ఈ ఊళ్లో? కాంపౌండర్ గారు ఛేంజ్ అవసరం అన్నారు, ముఖ్యంగా ఆడమనిషికి. రోడ్డు నాకా దగ్గర కాపలా ఉండే జవాను కూడా ఆమెను తీసుకుపో, చోటు మారితే మనసు మారుతుంది అన్నాడు. ఎవరినడిగినా అదే మాట. నాకు కావలసింది కూడా అదే, అందుకే మళ్లీ మళ్లీ అడుగుతున్నాను.

10 ఫిబ్రవరి

ఉప్పలమ్మకు చెప్పాను. బియ్యం చెరుగుతూ వింది. పూలు రాలే యాళ్లకు వస్తమా అని ఒక్కటే అడిగింది.

ఇది కూడా ఇర్మె మాటే. పిల్లను పెట్టిన చెట్టు తొలిపూలు తల్లి తన చేత్తో ఏరాలి. తల్లి సగం, తండ్రి సగం తినాలి. అప్పుడే పిల్ల చెట్టు దిగి మళ్లీ కడుపుకు వస్తదట. పూలు రాలేది మార్చిలో. మేం వచ్చేది జూన్‌లో.

వస్తాం అన్నాను.

17 ఫిబ్రవరి

ఉప్పలమ్మ బళ్లు దిగే రేవుకు పోయి ముసలయ్య ఎడ్లకు తవుడు పెట్టి వచ్చిందని ఇర్మె చెప్పింది. ప్రయాణం మీద ఇష్టం పుడుతోందన్నమాట. చాలా రోజులకు కడుపునిండా తిన్నాను.

22 ఫిబ్రవరి

రేపు బుధవారం, బళ్లు కదులుతాయి. పెట్టె అంతా ఆమే సర్దింది, నన్ను ముట్టుకోనివ్వలేదు. నీ తలకాయ ఒక్కటి బయట ఉంచిన, దాన్ని నువ్వే మోసుకో అని నవ్వింది. పిల్ల పోయాక ఇదే మొదటిసారి నవ్వడం. తలకు ఆముదం పెట్టింది. అంతసేపు పెడుతుంటే ఎందుకని కూడా అడగలేదు నేను. కళ్లు మూసుకుని కూర్చున్నాను, ఇక బతికిపోయాం అనుకుంటూ.

23 ఫిబ్రవరి, ఇంజరం, సాయంత్రం

ఊరి చివర ఇప్పచెట్టు రాగానే ఉప్పలమ్మ బండి మీంచి దిగింది. పిల్లకు చెప్పొస్త, నువ్వు పో, నడిచి అందుకుంట అంది. బళ్లు మెల్లగానే పోతాయి కదా, సరే అన్నాను. నేనూ దిగి ఉండాల్సింది. చెట్టు వైపు తిరగకూడదని ఎడ్ల కొమ్ముల మధ్యనే చూస్తూ కూర్చున్నాను.

ఇంజరం చేరాం. ఎడ్లను విప్పారు. ఆమె రాలేదు. పెట్టె తెరిచాను. ఒక కంచం. ఒక చెంబు. ఒక దుప్పటి. నా బట్టలు మడతలు నలగకుండా. ఆమె చీర ఒక్కటి కూడా లేదు. అడుగున తెల్లదారం, నల్లదారం. నేను ఇంట్లో వల్లించిన ముసలయ్య మాటలన్నీ వింది. అన్నీ ఒక్క మనిషికి సర్దింది.

ముసలయ్య మీద అరిచాను. ఆయన మెల్లగా చెప్పాడు, తవుడు పెట్టొచ్చిన నాడు ఎప్పటికి మళ్లొస్తమని అడిగింది బిడ్డ, నిజమే చెప్పిన అని. మరి నాకెందుకు చెప్పలేదంటే, నువ్వు నన్ను దారి అడిగినవు, ఆమె సంగతి అడగలే అన్నాడు.

24 ఫిబ్రవరి

కొంటా ఎనిమిది మైళ్లే. పొద్దున్నే నడిస్తే ఎండ ముదరక ముందే ఇంట్లో ఉంటాను. నడవలేదు.

ఇక్కడైనా అబద్ధం రాయకూడదు. ఆమె కోసం అని అందరితో అన్నాను. ఆమె కోసం కాదు. ఆ మిక్చర్ సీసా, ఆగిన మిషన్, ఆ చెట్టు, వీటి నుంచి పారిపోవాలని నాకే. ఆమె ఏడవగలదు, అందుకే ఉండగలిగింది. నాకు అది కూడా చేతకాలేదు. ఇప్పుడు పోతే ఆ చెట్టు కింద ఆమె పక్కన కూర్చోవాలి. ఎందుకు అబద్ధమాడావని ఆమె అడగదు. అదే భయం.

9 మార్చి, సుక్మా

సంత. పదకొండు చొక్కాలు. ఎవరూ అడగకుండా మిగిలిన ముక్కలతో జానెడు గౌను ఒకటి కుట్టాను. మళ్లీ విప్పేశాను.

21 మార్చి

దారి పొడుగునా ఇప్పపూలు రాలుతున్నాయి. తెల్లారకముందే ఆడవాళ్లు గంపలతో వస్తున్నారు. నేను మొహం కప్పుకుని పడుకుంటున్నాను.

6 ఏప్రిల్, జగదల్‌పూర్

కొంటా నుంచి వచ్చిన బండివాడు మోదుగాకు పొట్లం ఇచ్చాడు, ఉప్పలమ్మ పంపిందట. ఏమైనా చెప్పిందా అంటే, ఏం చెప్పలే, ఇది ఆయన వాటా అన్నది అంతే అన్నాడు.

ఎండబెట్టిన ఇప్పపూలు. కంచంలో పోసుకున్నాను. ఒక్కటి కూడా వదలకుండా తిన్నాను. తియ్యగా ఉన్నాయి.

భద్రమ్మా, ఇక చెట్టు దిగు తల్లీ. నేను వచ్చేదాకా మీ అమ్మ దగ్గర కూర్చో.