రాకముందే చెప్పిన స్తోత్రం

ప్రియమైన అమ్మకు,

ప్రభువు నామంలో వందనాలు. ఇక్కడ మేమిద్దరం క్షేమమే అని రాయడం ఆనవాయితీ కాబట్టి రాస్తున్నాను, నమ్మమని మాత్రం అనను. నీ మోకాలి నొప్పి తగ్గిందని రాశావు, సంతోషం. ఇక నువ్వడిగినవి. కళ్లద్దాల షాపులో పనికి వెళ్తున్నాను. మొన్న ఒకాయన కొత్త కళ్లద్దాలు పెట్టుకుని "ఏమీ కనబడట్లేదమ్మా" అంటే, "కనబడి మాత్రం ఏం ఒరుగుతుంది?" అన్నాను. ఓనరు నన్ను లోపలికి పంపి లెన్సులు తుడుచుకోమన్నాడు. పాప కోసం నీ అల్లుడు చేసిన చిన్న మంచం ఇంకా విప్పలేదు. స్క్రూడ్రైవరు పట్టుకుని ఆ గదిలోకి వెళ్తాడు, కాసేపు కూర్చుని వచ్చేస్తాడు.

ఫోన్లో నీకు సగమే చెప్పాను. దత్తత కాగితాలన్నీ అయిపోవచ్చాక, ఎక్కడో ఉన్న పాప మేనత్త వచ్చి తనే పెంచుకుంటానంది. రక్తసంబంధం కదా, పాపను ఆవిడకే ఇచ్చేశారు. శని ఆదివారాలు మా ఇంట్లో గడిపి, నన్ను అమ్మా అనడం అప్పుడప్పుడే మొదలుపెట్టిన పిల్ల.

నాకు నీమీద కూడా కోపంగా ఉంది. "విశ్వాసం ఉంటే రాకముందే స్తుతించాలే" అని పోయినసారి వచ్చినప్పుడు పట్టుబట్టి కృతజ్ఞత కూడిక పెట్టించింది నువ్వే. సంఘమంతటి ముందు నిలబెట్టి, దేవుడు నాకు కూతుర్నిచ్చాడని సాక్ష్యం చెప్పించావు. ఇప్పుడు ఆ జనమే నా చెయ్యి పట్టుకుని "ఇంతకంటే మంచిది దాచి ఉంచాడమ్మా" అంటున్నారు. పాపేమన్నా గౌనా, ఇది కాకపోతే ఇంకోటి అనడానికి?

వాక్యం చదువుతున్నావా అని అడిగావు. పోయిన ఆదివారం చర్చిలో చదివే వంతు నాదే. పాస్టరుగారు స్తుతి కీర్తన ఒకటి గుర్తుపెట్టి ఇచ్చారు. మైకు ముందు నిలబడ్డాక అది చదవడానికి నాకు నోరు రాలేదు. పేజీలు వెనక్కి తిప్పేసి, కంటబడిన ఎనభై ఎనిమిదో కీర్తన మొదలుపెట్టాను. మొరపెట్టీ మొరపెట్టీ జవాబు దొరకని మనిషి దేవుణ్ణి నిలదీసే కీర్తన అది. చివరికైనా ఓ మంచి మాట వస్తుందేమోనని చూశాను, రాలేదు. చీకటి దగ్గరే ఆగిపోయింది. పాస్టరుగారు తల దించుకుని, "అదీ దేవుని వాక్యమే" అన్నారు.

నన్ను ఆ మాట పట్టుకుంది. అంత కోపంగా అరిచిన అరుపును ఎవరూ కొట్టెయ్యలేదు, దేవుడు తన గ్రంథంలోనే ఉండనిచ్చాడు. అయితే నా అరుపూ వింటాడనుకున్నాను. ఇంటికొచ్చి తలుపేసుకుని ఆయన్ని నోటికొచ్చినట్టు కడిగేశాను.

ఇది నీకు చెప్పకూడదనుకున్నాను. పాప వెళ్లినప్పటి నుంచి నేను చేస్తున్న ప్రార్థన ఒక్కటే. ఆ మేనత్త మంచాన పడాలి, పెంచలేక పాపను తెచ్చిచ్చేయాలి. ఆ ఆదివారం అదీ పైకే అడిగాను. అడిగి, ఏడ్చి, గొంతు పోయాక వేరే మాట వచ్చింది. ప్రభువా, దానికి చీకటంటే భయం, పడుకోబెట్టాక లైటు ఆర్పకూడదని ఆవిడకెవరైనా చెప్పారో లేదో.

ఆ కబురు మోయడానికి దేవుడెందుకని ఆ మేనత్తకు నేనే ఫోన్ చేసి చెప్పాను. విన్నాక ఆవిడ, "రోజూ ఏడుస్తోందమ్మా, ఎందుకో తెలీక నేనూ ఏడుస్తున్నా. ఇవాళ్టి నుంచి ఆర్పను" అంది.

నా కోపం పోలేదమ్మా. అయినా ఫోన్ పెట్టేసి, ఆవిడ ఆరోగ్యంగా ఉండాలని ప్రార్థించాను.

ఇట్లు,
ఇంకా చల్లారని
నీ కూతురు