పైకి చదివే మనిషి

ఇంటి నుంచి,
నవంబరు 9, ఆదివారం.

ప్రియమైన వదినకు,

నమస్కారాలు. నేనిక్కడ కులాసా. నువ్వూ, మీ చెల్లెలూ, పిల్లలూ అక్కడ కులాసాగా ఉన్నారని తలుస్తూ రాస్తున్నాను. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు కాబట్టి ఉత్తరానికి దిగాను. సబ్బు చుట్టిన కాగితం చేతికొచ్చినా చివరిదాకా చదివే మనిషివి, ఇది మాత్రం చదవకుండా పక్కన పెట్టడం నీ వల్ల కాదు.

ముందు నా కళ్ళ సంగతి. రెండూ బాగున్నాయి. చుక్కలమందు మానేశాను. ఇది కళ్ళజోడు లేకుండానే రాస్తున్నాను. పొద్దుగూకితే మాత్రం వీధి దీపాల చుట్టూ వలయాలు కనిపిస్తున్నాయి. కొన్నాళ్ళకు అలవాటైపోతాయని డాక్టరమ్మ అంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి వదినా. పోనీ ఎవరికైనా చూపిద్దామంటే అవి నాకొక్కదానికే కనిపిస్తాయి.

జరిగిందంతా నీకు తెలిసిందే. అయినా చెప్పుకోవాలనిపిస్తోంది, వినేవాళ్ళు లేక. మందుల డబ్బాల్లో మడతపెట్టే కాగితాల ప్రూఫులు చూస్తూ ఇన్నేళ్ళూ చీమతలంత అక్షరాలతో కాపురం చేశాం. నువ్వు అసలు ప్రతి పైకి చదవడం, నేను ప్రూఫు మీద చూపు పెట్టి తప్పులు దిద్దడం. ఒకరినొకరం వదినా అని పిలుచుకుంటుంటే ప్రెస్సులో అందరూ మనల్ని నిజంగానే వదినా ఆడపడుచులనుకునేవాళ్ళు. చత్వారం ముదిరి, కళ్ళజోడు మీద భూతద్దం పెట్టుకున్నా అక్షరాలు అలుక్కుపోతుంటే నన్ను ఎన్నిసార్లు కాచుకొచ్చావో లెక్కలేదు. శుక్లాలు లేకపోయినా సరే, గట్టిపడిపోయిన లెన్సు తీసేసి దగ్గరకీ దూరానికీ పనికొచ్చే లెన్సు పెడతారట అని ఎక్కడో చదివి, నన్ను ఆసుపత్రికి లాక్కుపోయిందీ నువ్వే.

అక్కడ సంతకం పెట్టే కాగితం నాకు వినిపిస్తూ, ప్రెస్సు అలవాటు కొద్దీ కామా, ఫుల్‌స్టాప్, బ్రాకెట్ మొదలు, బ్రాకెట్ అయిపోయింది అంటూ చదివేశావు. అరుదుగా చూపు పోయే ప్రమాదం ఉంది ఫుల్‌స్టాప్ అని నువ్వు అనేసరికి నర్సు నవ్వాపుకోలేక బయటికి పరిగెత్తింది. నా భయమంతా అక్కడే సగం దిగిపోయింది.

మర్నాడు కంటి మీది మూత తీస్తే దగ్గరగా కనిపించిన మొదటి మొహం నీదే. నీకు మీసాలున్నాయే వదినా అన్నాను. కళ్ళు పెట్టించినందుకు ఇదా బహుమానం అని నా వీపు మీద ఒకటిచ్చావు. అంత హాయిగా నవ్వుకోవడం మనకు అదే ఆఖరు.

రెండో కన్ను కూడా అయ్యి నేను పనిలోకి వచ్చిన రోజు ఓనరుగారన్న మాట నువ్వూ విన్నావు. ఇప్పుడావిడకి చూపు బాగుపడింది, అసలు ప్రతిని కంప్యూటరే చదివి పెడుతుంది, ఇంక ఇద్దరెందుకు అన్నారు. నేను నోరు తెరిచేలోపే నువ్వు టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని మెట్లు దిగేశావు. వెనకాలే పరిగెత్తుకొస్తే, నీ కళ్ళు బాగు చేయించి నా పొట్ట నేనే కొట్టుకున్నాను అని బస్సెక్కేశావు. దాచడమెందుకు, నాకూ కోపమొచ్చింది. నిన్ను నేను వెళ్ళగొట్టానా? కానీ కోపం ఎన్నాళ్ళుంటుంది? సాయంత్రం టీ వేళకల్లా దిగిపోయింది.

నీ కుర్చీలో ఇప్పుడు కంప్యూటర్ ఉంది. దానికి దగ్గు రాదు, దాహం వెయ్యదు. రోజుకో మాత్ర అన్నా, ప్రాణాపాయం కలగవచ్చు అన్నా అదే గొంతు. తలనొప్పి, వాంతులు, కళ్ళు తిరగడం అని చదివి, ఈ మందు మింగేకన్నా జబ్బుతో ఉండడమే సుఖం అని నువ్వన్నట్టు అది అనదు. నేనే ఒకటి రెండుసార్లు అనుకుని నవ్వబోయాను. చుట్టూ చూసి మానేశాను.

మొన్న పెద్ద గండమే తప్పింది. పిల్లల సిరప్పు కాగితంలో రెండున్నర మిల్లీలీటర్లు అని ఉండాల్సిన చోట, మధ్యలో చుక్క ఎగిరిపోయి ఇరవై అయిదని పడింది. నా కళ్ళు ఆ అంకెను శుభ్రంగా చూశాయి వదినా. చూసి, దాటిపోయాయి. అంకెల్లో చుక్క వస్తే నువ్వు బల్ల మీద వేలితో ఒకటి కొట్టేదానివి. ఆ చప్పుడు వింటే తప్ప అక్కడ ఆగడం నా చూపుకి రాదు. ప్యాకింగువాళ్ళు పట్టుకోబట్టి సరిపోయింది, కాగితాలన్నీ చించేశారు, ఏ పిల్లాడికీ ఏమీ కాలేదు.

ఆ దెబ్బతో ఓనరుగారు దారికొచ్చారు. ఆవిడని పిలిపించండి, మునుపటిలాగే ఇద్దరూ కూర్చుని చూసుకోండి అన్నారు. నీ జీతం నీకు ఉంటుంది. అందుకని అలక మాని వచ్చేయి. మీ పాత వీధిలో మళ్ళీ గది దొరికేదాకా మా ఇంట్లోనే ఉండొచ్చు.

ఇంట్లో ఇప్పుడు అన్నీ కనిపిస్తున్నాయి. బియ్యంలో రాయి, అద్దం మూల మరక, నా చేతి మీద మచ్చలు. ఒక్కదాన్నే తింటుంటే కంచం మీది గీతలు కూడా కనిపిస్తున్నాయి. ఇంతకుముందు ఇవేవీ చూడకుండానే రోజు గడిచిపోయేది. ఎంతసేపు చూసినా ఇప్పుడు పొద్దుపోవడం లేదు.

మీ చెల్లెలికి నా నమస్కారాలు చెప్పు. పిల్లలకి ముద్దులు.

ఇట్లు,
నీ మీద కోపం నిలుపుకోలేని
నీ వదిన

తా.క. మడిచే ముందు ఉత్తరం ఒకసారి పైకి చదువుకున్నాను. ఓనరుగారు నిన్ను రమ్మన్నారు అన్న చోట ఆగిపోయాను. ఆయన ఆ మాట అనలేదు. సిరప్పు కాగితాల గొడవ జరిగిన మర్నాడే నన్ను కూడా మాన్పించేశారు. అప్పటినుంచీ ఇంట్లోనే ఉన్నాను. ఉద్యోగం ఉందంటే వస్తావనుకున్నాను. ఊరికే నా కోసం రమ్మంటే రావేమోనని భయమేసి అలా రాశాను. పనీ లేదు, జీతమూ లేదు వదినా. నేనొక్కదాన్నే ఉన్నాను. అయినా వస్తావా?