నాన్న చూడని బోర్డు

అమ్మా,

ఇద్దరం క్షేమం, బండీ క్షేమం. నా ఓపికే అయిపోయింది. మోటార్‌సైకిళ్ల మేళా నిన్నటితో ముగిసింది. ఇవాళ పొద్దున ఏడింటికే సామాను కట్టి నిలబడ్డాను. నాన్న ఒక్కొక్కరి బండి దగ్గరా ఆగి, ఇంజను చప్పుడు విని, సలహా చెప్పి కదిలేసరికి పదకొండయింది. నలభై కిలోమీటర్లు వచ్చాక చేతి తొడుగులు గుడారంలో మరిచిపోయానన్నారు. వెనక్కి వెళ్తే వీడ్కోళ్లన్నీ మళ్లీ మొదటి నుంచి.

రెండోసారి బయలుదేరాక పెద్ద కూడలిలో ఇంటి దారి వదిలేసి ఓడరేవు దారి పట్టారు. వెనక నుంచి ఎంత అరిచినా, "నడిపేది నువ్వా, నేనా?" అన్నారు. చివరికి పెట్రోలు బంకులో ఆపించి అడిగాను.

"అంత పెద్ద బోర్డు కనపడలేదా నాన్నా?"

ట్యాంకు తుడుస్తూ చెప్పారు. "దూరంగా ఉన్న అక్షరాలు కనపడక ఆరు నెలలైందమ్మా. మీ అమ్మకి తెలిస్తే బండి తియ్యనివ్వదని చెప్పలేదు."

తాళం కోసం చెయ్యి చాపాను. వెంటనే తీసి ఇచ్చేశారు. దాంతో నాకు ఇంకా కోపం వచ్చింది.

ఇప్పుడు నడిపేది నేనే. గేరు మార్చమని ఆయన వెనక నుంచి వీపు తడుతూనే ఉన్నారు. శనివారానికి ఇల్లు చేరతాం. సోమవారానికి కళ్ల డాక్టరు దగ్గర ఆయన పేరు రాయించు. వంటింటి కుళాయి కారడం ఆగిందా? చెల్లి పరీక్ష ఎలా రాసింది?

ఇంటికి రాగానే ఆయన్ని ఏమీ అనకు. నీ వంతు కూడా దారంతా నేనే అంటున్నాను. నువ్వు మామూలుగా పలకరించు, చాలు.

నీ పెద్దమ్మాయి