ఇనేసెకు మిగిలిన పేజీలు

బాతెల్

అక్కయ్యా, నేను బాగానే ఉన్నాను, దిగులుపడకు.

చివరి రోజున వైదేహికి నొప్పి లేదు. వైదేహి ఇంగ్లీషులో రాసే ఆసుపత్రి సూచనలను లాత్వియన్‌లోకి మార్చే ఇనేసె చూడటానికొచ్చింది. ఉండబట్టలేక, "ఇక్కడ డ్రెస్సింగ్ అంటే గాయానికి కట్టా, బట్టలు వేసుకోవడమా?" అని అడిగేసింది.

"మాట ఒక్కటే కాదు, వాక్యం చదువు" అంది వైదేహి. ఇనేసె చదువుతుంటే వింటూ నిద్రపోయింది. మళ్లీ లేవలేదు.

మైల తీరేదాకా ఎవరినీ ఇంటికి పిలవద్దన్నావు. కానీ ఇనేసె మార్చాల్సిన పేజీలు ఇంకా సగం మిగిలాయి. అవి అందకపోతే ఇంగ్లీషు రాని ముసలివాళ్లకు కట్టు మార్చుకోవడం తెలియదు. పెళ్లయినప్పటినుంచీ వైదేహి రాసినవన్నీ మొదట చదివింది నేనే. అర్థంకాని చోట్ల నన్ను అడగడానికి ఇనేసె మొహమాటపడుతోంది.

బావగారి మోకాలు ఎలా ఉంది? ఆవకాయ ఇక పంపకు, తినేది వైదేహే. పిల్లలకు ఆశీస్సులు.

రేపు పొద్దున్నే ఇనేసెను పిలిచి, కాఫీ పెట్టి, ఆ పేజీలు ముందేసుకుని కూర్చుంటాను.

నీ తమ్ముడు
దివాకర్