నీ బిడ్డకు కారు

నర్సింలూ, వానలో బైకు వద్దు, కంపెనీ బస్సెక్కి బొల్లారం పోరా అన్నాను. నవ్వి పోయావు. ముత్తంగి దగ్గర లారీ కింద పడ్డావు. ఇన్నేళ్లయినా నీ మీద కోపం చల్లారలేదు.

నీ బిడ్డకు పద్దెనిమిదేళ్లు నిండాయి, లైసెన్సు వచ్చింది. పటాన్‌చెరులో పాత కార్లు చూశాం. తనకు నచ్చిన ఎర్రకారు తలుపు కొడితే రేకుడబ్బాలా మోగింది. నేను గట్టి జీపు చూపించాను.

"గిది ట్రాక్టర్ లెక్కుంది తాతా, కాళ్లే అందుతలేవు!" అంది.

నీ భార్య ఆటో దిగనేలేదు. "పిల్లను గా రోడ్డు మీదికి పంపుడు నాతోని కాదు మామా. మీరే ఏదో ఒకటి చెప్పుండ్రి" అంది. నిన్నే అడుగుదామనుకున్నాను.

పెత్తరమాస నాడు మిద్దె మీద నీ పేరున ముద్ద పెడతాను. కారు ఇప్పించమంటే కాకివై వచ్చి ముట్టు. వద్దంటే ముట్టకు. మధ్యాహ్నం దాకా చూస్తాను. ఈసారన్నా జవాబు చెప్పి పో.