తిరుగు షరతు లేని ఇల్లు

1961 మార్చి 14, మంగళవారం. క్లిథరో, లాంకషైర్.

మొన్న ఆదివారం భోజనాల దగ్గర నా కొడుకు కత్‌బర్ట్ మాంసం కోస్తూ ఒక మాట అన్నాడు. "నువ్వున్నంత కాలం ఉండనీ అమ్మా. నీ తర్వాత ఈ ఇంట్లో దానికి చోటు లేదు." 'అది' అంటే అతని కూతురే, నా మనవరాలు వినిఫ్రెడ్. సన్యాసినుల మఠంలో చేరి, శాశ్వత వ్రతం పట్టే ముందు వద్దనుకుని నా దగ్గరికి వచ్చేసిన పిల్ల. నా తర్వాత ఈ ఇంట్లో ఎవరుండాలో చెప్పే హక్కు ఎవరిదో తేల్చడానికి ఇది రాయిస్తున్నాను.

అగాథా థార్న్‌బర్ అనే నేను బాలికల పాఠశాలలో లాటిన్ చెప్పి రిటైరైనదాన్ని. నా వయసు డెబ్బై ఎనిమిది. నా బుద్ధి స్థిమితంగా ఉంది. అనుమానం ఉన్నవారు ఏ లాటిన్ క్రియనైనా ఇచ్చి పరీక్షించుకోవచ్చు.

1. ఇంతకుముందు రాసిన వీలునామాను రద్దు చేస్తున్నాను. వకీళ్లు దీన్ని 'రివోక్' అంటారు. లాటిన్‌లో వోకారె అంటే పిలవడం, రె అంటే వెనక్కి. రాసి సంతకం పెట్టిన మాటను కూడా వెనక్కి పిలుచుకోవచ్చని చట్టమే ఒప్పుకుంటోంది. వినిఫ్రెడ్ ఇంకా మాట ఇవ్వనేలేదు, ఇవ్వబోయే ముందు ఆగింది. ముసలిదానికున్న వెసులుబాటు ఆ పిల్లకు ఎందుకు లేదో కత్‌బర్ట్ చెప్పాలి.

2. కత్‌బర్ట్‌కు నా లాటిన్ నిఘంటువు. వినిఫ్రెడ్ పెట్టెతో గుమ్మంలో నిలబడి ఉండగా ఇతను, "మనది రెక్యుజంట్ల వంశం. వెన్ను చూపే వంశం కాదు" అన్నాడు. కూతురు చేసిన పనికి 'టర్జివర్సేషన్' అని పేరు కూడా పెట్టాడు. ఆ మాట నేర్పింది నేనే కాబట్టి దిద్దవలసిందీ నేనే. టెర్గుమ్ అంటే వీపు, వెర్సారె అంటే తిప్పుతూ ఉండడం. జవాబు చెప్పలేక వీపు తిప్పేవారికి ఆ మాట తగును. వినిఫ్రెడ్ మదర్ సుపీరియర్ ముఖం చూసి కారణం చెప్పింది. తర్వాత తండ్రి ముఖం చూసి చెప్పింది. అటు తిరిగి నిప్పుగూడు వైపు చూస్తూ నిలబడింది కత్‌బర్టే.

ఇక రెక్యుజంట్ సంగతి. రాజుగారి ప్రొటెస్టెంట్ గుడికి రామన్నందుకు క్యాథలిక్కులైన మా పూర్వులు జరిమానాలు కట్టారు, జైళ్లకు వెళ్లారు, మతగురువులను గోడల వెనక దాచారు. అందుకు వాళ్లకు వచ్చిన పేరది. దాని మూలం రెకుసారె, అంటే అభ్యంతరం చెప్పి నిరాకరించడం. ఆ మాట కడుపులో కౌసా ఉంది, అంటే కారణం. కారణం చెప్పి 'రాను' అన్నవారే రెక్యుజంట్లు. ఈ తరంలో మా ఇంట్లో ఆ పని చేసింది ఒక్క వినిఫ్రెడ్. మిగిలినవాళ్లం పేరు మోస్తున్నాం, అంతే.

3. నా ఆడపడుచు బ్రిడ్జెట్ వెండి టీ కెటిల్ మీద చాలాకాలంగా కన్నేసింది. వినిఫ్రెడ్‌ను మఠంవాళ్లే గెంటేశారని గుడి మెట్ల మీద అందరికీ చెప్పింది కూడా ఆమే. ఆమెకు నా జపమాల ఇస్తున్నాను. ఆ నోటికి పని దొరుకుతుంది.

4. కెటిల్ పక్కింటి నెల్లీ ఎంట్‌విజిల్‌కు. వినిఫ్రెడ్ వచ్చిన మర్నాడు వీధంతా తలుపుల చాటునుంచి చూస్తుంటే నెల్లీ గోడ మీదుగా, "దేవుడి సంబంధం తప్పిపోయిందట కదే పిల్లా. మా అబ్బాయి రాబర్ట్ ఖాళీగానే ఉన్నాడు, కాకపోతే గురక పెడతాడు" అంది. ఆ వారంలో ఆ పిల్ల నవ్వింది అప్పుడొక్కసారే. కెటిల్ మూత వదులు. నొక్కిపట్టి పోసుకోవాలి.

5. ఇల్లు, ఇంట్లోని సామాను, పెరట్లోని ఆ పుల్లటి ప్లమ్ పళ్ల చెట్టుతో సహా వినిఫ్రెడ్‌కు. ఇక్కడ మా వకీలు డక్‌వర్త్ కలం ఆపాడు. "ఆ అమ్మాయి మళ్లీ మనసు మార్చుకుని మఠానికి వెళ్లిపోతే, ఇల్లు కత్‌బర్ట్ గారికి చేరేలా ఒక రివర్షన్ షరతు పెడదామా అండీ? అందరూ పెట్టేదే" అంటూ ఆ వాక్యం రాసేశాడు. రెవెర్టెరె అంటే వెనుదిరగడం. ఇటుకలు వెనుదిరగవచ్చట, ఆడపిల్ల మాత్రం తిరగకూడదట. ఆ షరతు వద్దన్నాను. ఆయన దగ్గాడు. దగ్గు ఆగేదాకా కూర్చుని, ఆ వాక్యం కొట్టించి, పక్కన నా పొడి సంతకం పెట్టాను.

నేను పోయాక జరగవలసినవి:

1. డక్‌వర్త్ దీన్ని భోజనాల గదిలో చదవాలి. రెండో అంశం చదువుతున్నప్పుడు కత్‌బర్ట్ కూర్చునే ఉండాలి.

2. నన్ను నా భర్త పక్కన పూడ్చాలి. బ్రిడ్జెట్‌ను ప్రసంగించనివ్వకూడదు.

3. వినిఫ్రెడ్ మళ్లీ మఠానికి వెళ్లినా, మళ్లీ తిరిగొచ్చినా, ఈ ఇంటి తాళం ఎవరూ మార్చకూడదు.

4. ఏదో ఒకనాటికి కత్‌బర్ట్ ఈ గుమ్మం ముందుకు వస్తాడు. నా కొడుకు సంగతి నాకు తెలుసు. ఎందుకొచ్చావని వినిఫ్రెడ్ అడగకూడదు. అతని కోటు అందుకుని తగిలించాలి.

సంతకం: అగాథా మేరీ థార్న్‌బర్

ఆమె మా ఎదుట, మేము ఆమె ఎదుట సంతకం చేశాము:
జెస్సీ హోల్డెన్, రొట్టెల దుకాణం
వాల్టర్ పిండర్, పోస్ట్‌మన్